రోడ్డు ఢిల్లీది, కాలవ పంచాయతీది... మరి నీళ్లెవరివి?

స్వర్ణముఖి_గట్టు
చంద్రగిరి దాటినాక పాకాల పక్క, తిరుపతి–చిత్తూరు జాతీయ రహదారి 140ని ఆనుకుని ఉండే ఊరు. హైవే కింద పైపు కల్వర్టు ఉండాది. గట్టి వాన పడితే ఆ నీళ్లన్నీ ఈ పక్కకొచ్చి కాలనీ వీధిలో మోకాటి లోతు నిలబడతా ఉండాయి. పంచాయతీలో అడిగితే "అవి హైవే నీళ్లు" అంటారు. హైవే వాళ్లనడిగితే "మా రోడ్డు మీద చుక్క నిలవలేదే" అంటారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడితే "మా శాఖ పరిధి కాదు" అని మూసేసినారు. కేంద్రానికో జాబితా, రాష్ట్రానికో జాబితా అని బళ్లో చదువుకున్నాం గదా. వాననీటి కాలవ ఏ జాబితా? ఎవర్ని పట్టుకోవాల? "ఎమ్మెల్యేని పట్టుకో" అనే సలహా వద్దు, అది నాకూ తెలుసు.

ఏడో_షెడ్యూల్
మీ కాలవ ఒకటి కాదు, మూడు చోట్ల ఉంది.

జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో 23వ అంశం. మిగతా రోడ్లు, వంతెనలు రాష్ట్ర జాబితా 13. మురుగు, వాననీటి పారుదల కూడా రాష్ట్రానిదే: 17వ అంశంలో నీటి సరఫరా, సాగునీరు, కాలవలతో పాటు డ్రైనేజీ, కరకట్టలు అని విడిగా రాశారు. పారిశుద్ధ్యం 6. రోడ్డు మీద పడిన వాన రోడ్డు అంచు దాకా ఢిల్లీది, అంచు దాటగానే అమరావతిది.

పంచాయతీకి విడిగా జాబితా లేదు. చాలామంది 11వ షెడ్యూలునే నాలుగో జాబితా అనుకుంటారు. 73వ సవరణతో, 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకొచ్చింది, 29 అంశాలు. 13వ అంశం రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, జలమార్గాలు. చదివితే మీ ఊరి కల్వర్టు పంచాయతీదే అనిపిస్తుంది. కానీ 243జి అధికరణం ఏం చెప్తోందో చూడండి: రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఆ అధికారాలు "ఇవ్వవచ్చు" అంది, "ఇవ్వాలి" అనలేదు. స్థానిక ప్రభుత్వం అనేదే రాష్ట్ర జాబితాలో 5వ అంశం. అంటే పంచాయతీకి రాజ్యాంగం నుంచి నేరుగా వచ్చినవి ఎన్నికలు, ఐదేళ్ల గడువు, రిజర్వేషన్లు. పని, డబ్బు, మనుషులు మాత్రం రాష్ట్రం ఎంత వడ్డిస్తే అంత.

గానుగ_బెల్లం
కాలవకి మూడు జాబితాల్లో చోటు దొరికింది, పార పట్టే మనిషే ఏ జాబితాలోనూ లేడన్నమాట.

సర్వే_గొలుసు
జాబితాలు కోర్టులో పనికొస్తాయి. పూడిక తీయించాలంటే ముందు తేల్చాల్సింది నేల ఎవరిదని. ఇది వరసగా చేయండి:

గ్రామ సచివాలయంలో సర్వేయర్ ఉంటారు. కల్వర్టు దగ్గర సర్వే నంబరు కనుక్కుని ఎఫ్‌ఎంబీ, అంటే ఆ నంబరు కొలతల పటం, నకలు తీసుకోండి. హైవేకి తీసుకున్న భూమి అయితే 1956 జాతీయ రహదారుల చట్టం 3డి కింద గెజిట్‌లో సర్వే నంబర్లు, విస్తీర్ణం పడి ఉంటాయి. ఆ ప్రకటన వచ్చిన క్షణం నుంచి ఆ నేల కేంద్రానిది, ఏ తిరకాసూ ఉండదు. కల్వర్టు మూతి నుంచి టేపు పట్టుకుని హద్దురాయి దాకా కొలవండి. ఆ లోపల పూడిక ఉంటే హైవే వాళ్లదే, నోరెత్తలేరు.

హద్దురాయి దాటాక ఎఫ్‌ఎంబీలో "వంక పోరంబోకు" అని ఉంటే అది ప్రభుత్వ నేల. దాన్ని ఎవరైనా పూడ్చి ఉంటే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద 7వ సెక్షన్ నోటీసు, 6వ సెక్షన్ తొలగింపు. రెండూ తాసిల్దారు పని. పంచాయతీ కార్యదర్శి ఆ నోటీసు ఇవ్వలేడు, అతన్ని తిట్టి లాభం లేదు.

పాత_ఫైలు
గొలుసన్న చెప్పింది సగమే ఒప్పుకుంటా. నేల కేంద్రానిదే అయినా నిర్వహణ ఎవరిదో వేరే లెక్క. జాతీయ రహదారుల చట్టం 5వ సెక్షన్ ప్రకారం కేంద్రం నిర్వహణను రాష్ట్రానికి అప్పగించవచ్చు. అందుకే జాతీయ రహదారుల్లో కొన్ని ముక్కలు కేంద్ర సంస్థ ఎన్‌హెచ్ఏఐ చేతిలో, కొన్ని రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖలోని ఎన్‌హెచ్ విభాగం చేతిలో ఉంటాయి. బైపాస్ పడినాక ఊళ్లోంచి పోయే పాత ముక్కను ఒకసారి బాగుచేసి రాష్ట్రానికి ఇచ్చేస్తారు. బోర్డు మీద పాత నంబరు అట్లే ఉంటుంది, జనం దాన్ని చూసి ఢిల్లీకి అర్జీ పెడతారు, అది తిరిగి తిరిగి వస్తుంది.

ఎన్‌హెచ్ఏఐ చేతిలో ఉన్నదే అయితే పూడిక తీసేది నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ. ఆ ఒప్పందంలో కల్వర్టులు, పక్క కాలవల శుభ్రం రాసి ఉంటుంది. అడగాల్సింది ప్రాజెక్టు డైరెక్టర్‌ని. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసేటప్పుడు "చంద్రగిరి దగ్గర" అంటే చాలదు, కిలోమీటరు రాయి నంబరు, దానికి ఎన్ని మీటర్ల అవతల, ఎడమా కుడా చెప్పాలి. రాయి కనపడేలా ఒక ఫోటో.

సర్వే_గొలుసు
@పాత_ఫైలు నిర్వహణ సంగతి నిజమే, అది నాకు తట్టలేదు. కానీ ఏ కాంట్రాక్టరూ తన హద్దురాయి దాటి అడుగు కూడా తవ్వడు, బిల్లు రాదు గనక. కొలత లేకుండా పోతే మళ్లీ మొదటికే.

కాణిపాకం_బస్సు
ఇంత తంటా ఎందుకబ్బా. పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులొస్తాయి గదా, సర్పంచి జేసీబీ పెట్టి అరపూటలో తోడించేస్తే పోయె.

చెక్_పవర్
ఇదే అందరూ అనే మాట. ఆ డబ్బు ఎట్లా కదులుతుందో చూడండి.

15వ ఆర్థిక సంఘం 2021–26కి పెట్టిన పద్ధతిలో గ్రామీణ సంస్థల గ్రాంటులో 60 శాతం కట్టుబాటు నిధి: సగం తాగునీరు, వాననీటి నిల్వకు, సగం పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు, అయితే జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ వాడకూడదు. కేంద్రం రాష్ట్రానికి వేస్తుంది, రాష్ట్రం పది పనిదినాల్లో కిందికి పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో పంపాలి. అందులో గ్రామ పంచాయతీ వాటా 70 శాతానికి తగ్గకూడదు, మిగిలింది మండల, జిల్లా పరిషత్‌లకు.

ఇప్పుడు జేసీబీ. ఆ పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉండాలి, ప్రణాళిక ఈ–గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కి ఉండాలి. లేని పనికి చెల్లింపు తెర తెరుచుకోదు. సర్పంచి, కార్యదర్శి ఇద్దరి డిజిటల్ సంతకం పడాలి. ఇవన్నీ అయినా, పంచాయతీ డబ్బుతో కేంద్రం నేలలో తవ్వితే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు, రికవరీ సర్పంచి మీద పడుతుంది. చెక్ పవర్ అనేది పేరుకే పవర్.

ఇంకోటి. పంచాయతీల కరెంటు బకాయిల కింద ఆర్థిక సంఘం డబ్బు సర్దేశారని 2021–22లో రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు. వీధి దీపాలు, బోర్లు పంచాయతీవి, బిల్లు కరెంటు పంపిణీ సంస్థ డిస్కమ్‌ది, డబ్బు ఢిల్లీది, మీట నొక్కింది రాష్ట్రం.

గానుగ_బెల్లం
ఆ డిస్కమ్ హెడ్డాఫీసు తిరుపతిలోనే గదా. డబ్బులు దూరం పోలేదులే.

నీవా_నది
అందుకే కేంద్రం నేరుగా పంచాయతీ ఖాతాలోకే వేయాల. మధ్యలో రాష్ట్రం ఎందుకు?

ఏడో_షెడ్యూల్
@నీవా_నది ఈ వాదన 1989లోనే జరిగింది. 64వ సవరణ బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభలో పడిపోయింది. రాష్ట్రాల్ని పక్కకు నెట్టి ఢిల్లీ నేరుగా ఊళ్లోకి దిగుతోందన్నదే అప్పటి ప్రధాన అభ్యంతరం. 73వ సవరణ "ఇవ్వవచ్చు" అని మెత్తగా ఉండటానికి అదీ ఒక కారణం.

పైగా ఢిల్లీ డబ్బుతో ఢిల్లీ షరతులూ వస్తాయి. 60 శాతం ఇక్కడే ఖర్చుపెట్టు అని ముందే రాసిచ్చాక గ్రామసభ తేల్చేది ఏముంది? కట్టుబాటు నిధి పేరుతో కేంద్రం, సర్దుబాటు పేరుతో రాష్ట్రం. రెండువైపులా అదే కత్తెర.

నీవా_నది
షరతు లేకపోతే ఆ 60 శాతం కూడా సిమెంటు రోడ్డుకే పోతుంది. కాలవ మీద శిలాఫలకం పెట్టలేరు గదా, రోడ్డు మీదైతే పెట్టొచ్చు. షరతు ఉండాల్సిందే.

చెక్_పవర్
శిలాఫలకం మాట నూటికి నూరు పాళ్లు. కానీ ఎన్నికలు పెట్టకుండా ఆపే అధికారం రాష్ట్రం చేతిలో ఉన్నంతకాలం ఏ షరతూ నిలవదు. మన దగ్గర పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో. నడుమ రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారులు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే గ్రాంటు రాదు.

రాయలచెరువు_మొరవ
ఆ నడుమే గదా ఎన్నికల కమిషనర్ రగడ. 2020 ఏప్రిల్‌లో ఆర్డినెన్సుతో పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించి నిమ్మగడ్డ రమేష్ కుమార్‌ను దించేశారు, మేలో హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. 243కె చదివితే రాష్ట్ర ఎన్నికల సంఘం స్వతంత్రం. కానీ దానికి సిబ్బందినిచ్చేది, పోలీసునిచ్చేది ఎవరు?

స్వర్ణముఖి_గట్టు
ఎన్నికలు తర్వాత చూసుకుందాం సామీ, ముందు నా కాలవ. సర్వేయర్‌ని తీసుకెళ్లి కొలిపించాం. కల్వర్టు మూతి నుంచి హద్దురాయికి 6 మీటర్లు, అందులో మోకాటి ఎత్తు పూడిక. హద్దు దాటినాక ఎఫ్‌ఎంబీలో వంక పోరంబోకు. నేల మీద వంక లేదు. దాని మీద ఎర్రమట్టి తోలి లేఅవుట్ రోడ్డు వేసుండారు.

రాయలచెరువు_మొరవ
అదీ అసలు సంగతి. అది వట్టి వాననీటి కాలవ కాదు, చెరువుకు పోయే వరవ కాలవ అయ్యుంటుంది. పాత పటంలో కింద చెరువుందేమో చూడండి. పైనుంచి నీళ్లు రాక చెరువు ఎండుతుంది, ఆ నీళ్లే వీధిలో నిలబడతాయి. మొరవ (చెరువు నిండితే నీళ్లు పొంగిపోయే చోటు) పారడం చూడని పిల్లకాయలు ఆ చెరువును క్రికెట్ గ్రౌండ్ అనుకుంటారు.

తుడా_లెక్క
లేఅవుట్ అంటే ఇంకో ప్రభుత్వం వచ్చింది. తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, 1981 నుంచి ఉంది, ఇప్పుడు 2016 నాటి పట్టణాభివృద్ధి సంస్థల చట్టం కింద నడుస్తోంది. దాని పరిధిలో లేఅవుట్‌కు పంచాయతీ సొంతంగా అనుమతివ్వలేదు, సాంకేతిక ఆమోదం తుడాదే. చూడాల్సినవి:

అనుమతి పటంలో వంకను వంకగానే చూపించారా, ఖాళీ స్థలంగానా, రోడ్డుగానా? నిబంధనల ప్రకారం 10 మీటర్ల లోపు వెడల్పున్న వాగు, వంకలకు 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. వంకను మూసే హక్కు ఎంత వదిలినా రాదు. పది శాతం ఖాళీ స్థలం, రోడ్లు పంచాయతీకి గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేశారా? చాలాచోట్ల ఇక్కడే ఒక ఆట: వంక పోరంబోకునే ఖాళీ స్థలంగా చూపించి పంచాయతీకి "దానం" ఇస్తారు. ప్రభుత్వ నేలను ప్రభుత్వానికే గిఫ్ట్!

అనుమతే లేని లేఅవుట్ అయితే తుడాకు నోటీసు ఇమ్మని రాయండి. పోరంబోకు నంబరు రిజిస్ట్రేషన్లు ఆపే 22ఎ నిషేధిత జాబితాలో ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ దగ్గర చూసుకోండి, లేకపోతే చేర్పించమని తాసిల్దారుకి.

నీవా_నది
తుడాకి ఓటేసినోడు ఎవడు? అనుమతి ఇచ్చేది నామినేటెడ్ సంస్థ, పర్యవసానం మోసేది ఎన్నికైన పంచాయతీ.

తుడా_లెక్క
స్మార్ట్ సిటీ కూడా అంతే గదా. తిరుపతిని 2016లో ఎంపిక చేశారు. పనులు నడిపింది కౌన్సిల్ కాదు, రాష్ట్రం, కార్పొరేషన్ సగం సగం వాటాతో పెట్టిన కంపెనీ. కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి, వాన నీళ్లకి పంచాయతీ హద్దులు తెలీవు. ఐదు పంచాయతీల మీదుగా పారే వంకకు ఒక్కో సర్పంచి ఒక్కో పటం గీస్తే ఇంకా నాశనం. పై సంస్థ కావాలి, అందులో సర్పంచులకు కుర్చీ ఉండాలి.

కాణిపాకం_బస్సు
ఊరిని తిరుపతి కార్పొరేషన్‌లో కలిపేస్తే ఒక తలనొప్పి తగ్గదా?

తుడా_లెక్క
తగ్గదు, మారుతుంది. సర్పంచి పోయి డివిజన్ కార్పొరేటర్ వస్తాడు, ఇంటిపన్ను లెక్క మారుతుంది, పంచాయతీలకిచ్చే గ్రాంటులు, పథకాలు ఆగిపోతాయి. హైవే హైవేగానే ఉంటుంది, వంక రెవెన్యూదిగానే ఉంటుంది.

అలిపిరి_మెట్టు
ఇంతమంది ఉన్నారు గనక ఒక అనుమానం. తిరుమల ఎవరిది?

ఏడో_షెడ్యూల్
దేశంలోపలి తీర్థయాత్రలు రాష్ట్ర జాబితా 7. దేశం బయటివి కేంద్ర జాబితా 20. దేవాదాయ సంస్థలు ఉమ్మడి జాబితా 28, అందుకే టీటీడీ బోర్డు రాష్ట్రం చేసిన 1987 దేవాదాయ చట్టం కింద. చుట్టూ శేషాచలం అడవి, 1976లో 42వ సవరణతో రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకి పోయింది, 17ఎ. ఎర్రచందనం దుంగ కొండమీద ఉన్నంతసేపు రాష్ట్ర అటవీశాఖ కాపలా, ఓడ ఎక్కాలంటే ఢిల్లీ అనుమతి.

గానుగ_బెల్లం
అంటే కాశీకి పోతే రాష్ట్రం, మానస సరోవరానికి పోతే కేంద్రం. కైలాసానికే పోతే?

అలిపిరి_మెట్టు
దానికి ఏ జాబితాలోనూ లేకపోతే 97వ అంశం, మిగిలిపోయినవన్నీ కేంద్రానికే 😄

పాత_ఫైలు
తిరుపతి రైల్వే స్టేషన్ చూస్తే ఈ పాఠం మొత్తం ఒకే చోట కనపడుతుంది. ప్లాట్‌ఫారం మీద జేబు కొడితే కేసు జీఆర్‌పీది, వాళ్లు రాష్ట్ర పోలీసులు, ఎందుకంటే రైల్వే పోలీసు కూడా రాష్ట్ర జాబితా 2లోనే ఉంది. రైల్వే ఆస్తి దొంగిలిస్తే ఆర్‌పీఎఫ్, వాళ్లు కేంద్రం. గేటు బయట తోపుడుబండి కార్పొరేషన్ లెక్క, దాని మీద చట్టం 2014లో పార్లమెంటు చేసింది. స్టేషన్ భవనానికి ఆస్తిపన్ను వేయలేరు, 285వ అధికరణం అడ్డం. బదులుగా సేవా రుసుము అడగవచ్చు: అన్ని సేవలూ వాడుకుంటే పన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50, ఏమీ వాడుకోకపోతే మూడో వంతు. 2009లో రాజ్‌కోట్ కేసులో సుప్రీంకోర్టు ముందు ఒప్పుకున్న లెక్క ఇది. గట్టుగారి పంచాయతీలో కేంద్ర భవనం ఏదైనా ఉంటే ఈ రుసుముకు డిమాండు నోటీసు వేస్తున్నారా అడగండి.

స్వర్ణముఖి_గట్టు
అడుగుతా. ఇప్పుడు అర్జీలు ఎన్ని, ఎవరికి, ఒక్కసారి తేల్చి చెప్పండి.

సర్వే_గొలుసు
మూడు. ఒకే కాగితంలో ముగ్గురినీ ఇరికించొద్దు, ముగ్గురూ మిగతా ఇద్దర్నీ చూపిస్తారు.

6 మీటర్ల పూడికకు ఎన్‌హెచ్ఏఐ ప్రాజెక్టు డైరెక్టర్‌కి, కిలోమీటరు నంబరుతో. అదే కేంద్రం అర్జీల పోర్టల్‌లో కూడా. వంక ఆక్రమణకు తాసిల్దారుకి, ఎఫ్‌ఎంబీ నకలుతో, నకలు ఆర్డీవోకి. లేఅవుట్ అనుమతికి తుడాకి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చేది రెండోదీ మూడోదీ మాత్రమే, హైవేది అక్కడిస్తే మళ్లీ మూసేస్తారు. చంద్రగిరి, పాకాల 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా, పూతలపట్టు పక్కయితే చిత్తూరు కలెక్టరేట్. హద్దు తప్పితే ఒక వారం పోయినట్టే.

పాత_ఫైలు
వీటితో పాటు ఒక సమాచార హక్కు దరఖాస్తు. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, అది సమాచారం కాదని తోసేస్తారు. కాగితం అడగండి: ఆ కిలోమీటరు దగ్గర రహదారి హద్దు పటం, కల్వర్టు డ్రాయింగు, నిర్వహణ ఒప్పందంలో కాలవల భాగం, చివరగా పూడిక తీసిన తేదీ, బిల్లు నకలు. వేరే ఆఫీసుకు చెందినదైతే సమాచార హక్కు చట్టం 6(3) కింద వాళ్లే ఐదు రోజుల్లో అక్కడికి పంపాలి. ఎవరి పరిధో తేల్చే చవకైన దారి ఇదే, ఎవరికి బదిలీ చేశారో ఆ కాగితమే వాళ్ల ఒప్పుకోలు. మన రాష్ట్ర ఆఫీసులకైతే గ్రామస్థాయిలో ఉచితం, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. కేంద్ర ఆఫీసుకు 10.

రాయలచెరువు_మొరవ
నీళ్లు నిలిచి ఉన్న రోజుల్లో ఇంకో దారి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133, ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎన్ఎస్ఎస్ 152వ సెక్షన్. ప్రజలకు ఇబ్బంది కలిగించే అడ్డును తొలగించమని కార్యనిర్వాహక మేజిస్ట్రేటు, అంటే ఆర్డీవో, షరతుతో ఉత్తర్వు ఇవ్వవచ్చు. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసు సరిగ్గా మురుగు కాలవ గురించే. "మా దగ్గర డబ్బు లేదు" అన్న మున్సిపాలిటీ మాటను జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు, కాలవ కట్టాల్సిందే అన్నారు.

ఏడో_షెడ్యూల్
మట్టి తోలిన లేఅవుట్ యజమాని మీద 152 బాగా పనిచేస్తుంది. హైవే మీద ఆర్డీవో ఉత్తర్వు ఇస్తాడని ఆశపెట్టుకోవద్దు, దానికి హైకోర్టులో రిట్టే. అప్పుడు కేంద్రం, రాష్ట్రం, పంచాయతీ, తుడా అందర్నీ ప్రతివాదులుగా పెట్టాలి. ఒకర్ని వదిలేస్తే మిగతావాళ్లు ఆ వదిలేసినవాడి పేరే చెప్తారు.

చెక్_పవర్
అర్జీలకు పంచాయతీ తీర్మానం జతచేయండి. నంబరు, తేదీ, సర్వే నంబరు, కొలత అందులో ఉండాలి. "కాలవ సమస్య పరిష్కరించాలని తీర్మానించడమైనది" అని ఒక్క వాక్యం రాసిస్తే చెత్తబుట్టే. లేఅవుట్ మనిషి సర్పంచికి చుట్టమైతే తీర్మానం రాదు, అప్పుడు గ్రామసభలో లేవనెత్తి మినిట్స్‌లో రాయించండి.

స్వర్ణముఖి_గట్టు
చుట్టం కాదు. ఆయనే లేఅవుట్ మనిషి.

గానుగ_బెల్లం
అయితే అర్జీలు నాలుగు.